పరదేశంలో మన యజమాని ఎవరు? మేస్త్రీల కాలం నుండి ఆజాద్ వీసాల దాకా



ఈ సంచికకు చరిత్ర వ్యాసం రాయమని కార్యవర్గం వారు అడిగినప్పుడు, గోల్కొండ నవాబుల మీదనో, నిజాం కాలపు మదరసాల మీదనో రాస్తానని వారు అనుకొని ఉంటారు. ఈసారి నవాబుల చరిత్ర రాయడం లేదు, కూలీల చరిత్ర రాస్తున్నాను. ఉర్దూ పంతులు తెలుగులో ఎందుకు రాస్తున్నాడని కొందరు అడగవచ్చు. మన పిల్లల్లో చాలామంది ఇప్పుడు తెలుగు మీడియంలోనో, ఇంగ్లీషు మీడియంలోనో చదువుతున్నారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడినా చదివేటప్పుడు వాళ్లకు తెలుగే సులువు. ఈ మాటలు ముఖ్యంగా వాళ్ల కోసమే.

కిందటి రంజాను తర్వాత నా పాత శిష్యుడొకడు రెండు కాగితాలు పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. ఉట్నూర్‌లోనే ఇండ్లకు కరెంటు వైరింగ్ పని చేసుకొనే పిల్లవాడు. ఒక కాగితం హైదరాబాదు ఏజెన్సీది. దాని ప్రకారం సౌదీలో ఒక సప్లై కంపెనీలో ఉద్యోగం. రెండవది వాళ్ల దూరపు చుట్టం పంపిన వీసా నకలు. అది 'డైరెక్టు' అని చుట్టం చెప్పాడట. “సార్, ఏజెన్సీల పోవాల్నా, డైరెక్టు పోవాల్నా? మీరేది చెప్తే గదే” అన్నాడు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకు చెప్పలేకపోయానో చివర మనవి చేస్తాను. ముందు ఈ ప్రశ్న ఎంత పాతదో చూద్దాం.

మద్యన్‌లో కుదిరిన కొలువు

పరదేశంలో కొలువు అనగానే మనం మొదట తలుచుకోవలసినది మూసా అలైహిస్సలాం గారిని. సూరయే ఖసస్‌లో ఆ కథ ఉన్నది. ఫిరౌను మనుషుల చేత చిక్కకుండా ఆయన మిస్ర్ దేశం విడిచి, చేతిలో ఏమీ లేకుండా మద్యన్ చేరారు. అక్కడ నీళ్ల దగ్గర ఇద్దరు ఆడపిల్లల పశువులకు నీళ్లు పెట్టారు. ఆ పిల్లల తండ్రి ఆయన్ను పిలిపించారు. ఆ పెద్దమనిషి షుఐబ్ అలైహిస్సలాం అని చాలామంది నమ్మకం. బలమూ, నమ్మకమూ ఉన్న మనిషి కనుక కొలువులో పెట్టుకొమ్మని కూతురే తండ్రికి సలహా చెప్పింది. ఎనిమిదేండ్లు పని చేయాలి, పది పూర్తి చేస్తే అది నీ ఇష్టం, నిన్ను కష్టపెట్టను అని ఆ పెద్దమనిషి ముందే చెప్పారు. ప్రతిఫలంగా తన కూతురితో నికాహ్ మాట ఇచ్చారు. ఇద్దరూ అల్లాహ్‌ను సాక్షిగా పెట్టుకున్నారు.

ఈ ముఆహిదాలో ఏమేమి ఉన్నవో చూడండి. యజమాని ఎదురుగా ఉన్నాడు. గడువు తెలుసు. ప్రతిఫలం తెలుసు. సాక్షి ఉన్నాడు. పని ఇప్పించినందుకు మూసా అలైహిస్సలాం దగ్గర ఎవరూ రుసుము తీసుకోలేదు. ఈ అయిదు సంగతులు గుర్తు పెట్టుకొని తర్వాతి కాలపు చరిత్ర చదివితే, ఎక్కడ ఏది తప్పిపోయిందో మనకే తెలుస్తుంది.

గిర్మిట్ కాలం

1833లో బ్రిటిషు పార్లమెంటు తమ వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేసే చట్టం చేసింది. చెరకు తోటలకు మనుషులు కావలసి వచ్చి, 1834 నుండి మారిషస్‌కు హిందూస్తానీ కూలీలను తీసుకుపోవడం మొదలుపెట్టారు. తర్వాత కొన్నేండ్లకు కాకినాడ పక్కన ఉన్న కోరంగి రేవు నుండి తెలుగువాళ్లు కూడా పోయారు. అందుకే ఆ దేశంలో తెలుగువాళ్లకు ఆ రేవు పేరే పడిపోయింది. 1860 నవంబరు 16న మద్రాసు నుండి పోయిన 'ట్రూరో' అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. ఆ ఓడలో తెలుగువాళ్లు, తమిళులు, కొందరు ముసల్మానులు ఉన్నారు.

వాళ్ల చేత అయిదేండ్ల 'అగ్రిమెంటు' మీద వేలిముద్ర వేయించేవారు. ఆ మాటే జనం నోట 'గిర్మిట్' అయింది. కాగితం ఉన్నది కదా, మరి లోపం ఏమిటి? ఓడ ఎక్కేటప్పుడు తన యజమాని ఎవరో కూలీకి తెలియదు. ఓడ దిగిన తర్వాత ఏ తోటకు ఎవరు పోవాలో అక్కడివాళ్లు పంచేవారు. పని మానేస్తే అది బాకీ తగాదా కాదు, నేరం. జైలుకు పంపేవారు. ఊళ్లలో కూలీలను పోగు చేసే దలాలీకి తలకు ఇంత అని ముట్టేది గనుక, వాడు చెప్పే మాటలకు హద్దు ఉండేది కాదు. గోపాలకృష్ణ గోఖలే 1912లో ఈ పద్ధతిని ఎత్తివేయాలని ఇంపీరియల్ లెజిస్లేటివ్ కౌన్సిల్‌లో తీర్మానం పెట్టారు, అది నెగ్గలేదు. చివరకు 1917లో కొత్త కూలీలను పంపడం ఆగింది. 1920 నాటికి మిగిలిన ఒప్పందాలు కూడా తెగిపోయాయి.

కంగాణీ, మేస్త్రీ

గిర్మిట్ పోయిన చోట ఇంకొక పద్ధతి బలపడింది. మలయా రబ్బరు తోటల్లో కంగాణీ, బర్మాలో మేస్త్రీ. వీళ్లు పరాయివాళ్లు కారు. మన ఊరివాడే, మన భాషవాడే. పెండ్లికో, అప్పుకో ముందుగానే డబ్బు ఇచ్చి, తోడు పెట్టుకొని తీసుకుపోయేవాడు. తెలియని దొర కంటే తెలిసిన మేస్త్రీ మేలని జనం నమ్మడంలో వింత లేదు.

కాని లెక్క ఎట్లుండేదో చూడండి. మలయాలో తన కూలీ పనికి వచ్చిన ప్రతి దినానికి కంగాణీకి తోట యజమాని కొంత 'తల డబ్బు' ఇచ్చేవాడు. అంటే కూలీ జ్వరంతో పడుకుంటే కంగాణీకి నష్టం, కూలీ వేరే తోటకు పోతానంటే కంగాణీకి నష్టం. బర్మాలో రంగూన్ రేవులోనూ, బియ్యపు మిల్లుల్లోనూ గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల తెలుగు కూలీలు వేలాదిగా ఉండేవారు. కంపెనీ డబ్బు గుత్తేదారుకు ఇచ్చేది. గుత్తేదారు పెద్ద మేస్త్రీకి, పెద్ద మేస్త్రీ చిన్న మేస్త్రీకి ఇచ్చేవాడు. కూలీ చేతికి వచ్చేసరికి ప్రతి చేతిలోనూ కొంత మిగిలేది. ముందు ఇచ్చిన అడ్వాన్సు కూడా అందులోనే కోసుకొనేవారు. కూలీ వెళ్లి అడిగితే మేము మేస్త్రీకి ఇచ్చేశామని కంపెనీ అనేది, కంపెనీ ఇంకా ఇవ్వలేదని మేస్త్రీ అనేవాడు. ఇద్దరి మధ్య కూలీ నిలబడి ఉండేవాడు.

దీని ఫలితం 1930 మే నెలలో రంగూన్‌లో కనిపించింది. రేవులో తెలుగు కూలీలు సమ్మె చేశారు. సరుకు దింపించే కంపెనీలు వాళ్ల స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నవి. సమ్మె రాజీ కాగానే బర్మావాళ్లను పనిలేదు పొమ్మన్నవి. మే 26న మొదలైన కొట్లాటల్లో వంద మందికి పైగా చనిపోయారు, వారిలో ఎక్కువమంది తెలుగు కూలీలు. ఇద్దరు పేదవాళ్లు ఒకరినొకరు చంపుకున్నారు. వాళ్లను పెట్టుకొని, తీసేసిన కంపెనీలకు ఏమీ కాలేదు. 1938లో హిందూస్తాన్ ప్రభుత్వం మలయాకు కంగాణీల ద్వారా కూలీలను పంపడం ఆపివేసింది. 1942లో జపాను సైన్యం బర్మాలోకి వచ్చినప్పుడు మన కూలీలు అడవుల గుండా నడిచి వచ్చిన సంగతి చాలామందికి తెలిసినదే.

మన ఇండ్లలోని బీడీ చాట

ఇదంతా కోస్తావాళ్ల కథ, మనకేమిటి అనవద్దు. మన ఆదిలాబాదు, కరీంనగర్ జిల్లాలు అప్పుడు నిజాం రాజ్యంలో ఉండేవి. ఓడ ఎక్కిన చరిత్ర మనకు తక్కువ. కాని అప్పు తీరేదాకా దొర దగ్గర కట్టుబడి ఉండే భగేలా మనకు తెలుసు, అడవిలో కలప కొట్టించే గుత్తేదారు మనకు తెలుసు. అంతకంటే దగ్గరి ఉదాహరణ బీడీ. నిర్మల్, ఖానాపూర్, జగిత్యాల దిక్కున ఎన్ని ఇండ్లలో మన తల్లులు, చెల్లెండ్లు చాట ముందర పెట్టుకొని కూర్చుంటారో చెప్పనక్కర లేదు.

కంపెనీ ఆకు, తంబాకు టేకేదారుకు ఇస్తుంది. టేకేదారు ఇంటింటికీ ఇస్తాడు. వీళ్లు మా పనివాళ్లు కారు, టేకేదారు మనుషులని కంపెనీలు చాలా కాలం వాదించినవి. 1966లో బీడీ, సిగారు కార్మికుల చట్టం వచ్చింది. 1977లో బీడీ పనికి పీఎఫ్ వర్తింపజేశారు. ఇంట్లో కూర్చొని బీడీలు చుట్టే మనిషి కూడా కంపెనీ కార్మికురాలే, ఆమెకు పీఎఫ్ కట్టవలసిందే అని 1985లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. టేకేదారు అట్లాగే ఉన్నాడు, పని అదే, చాట అదే. కాని కంపెనీ రిజిస్టరులో పేరు ఎక్కిన మనిషికి ముసలితనంలో నాలుగు రూపాయలు వచ్చినవి, పేరు ఎక్కని మనిషికి రాలేదు. మధ్యలో మనిషి ఉన్నాడా లేడా అనే దానికంటే, అసలు యజమాని పేరు కాగితం మీద ఉన్నదా అనేదే వాళ్ల బతుకును తేల్చింది.

గల్ఫులో నాలుగు దారులు

1973లో చమురు ధరలు పెరిగిన తర్వాత అరబ్బు దేశాల్లో రోడ్లు, ఇండ్లు, రేవులు కట్టడం జోరుగా మొదలైంది. హైదరాబాదు చావుషులకు హద్రమౌత్‌తో పాత సంబంధం ఉండనే ఉన్నది. కాని పెద్ద ఎత్తున పోయినది కరీంనగర్, నిజామాబాదు, ఆదిలాబాదు జిల్లాల రైతులు, నేతవాళ్లు, మేస్త్రీలు, మన బిరాదరీ పిల్లలు. కఫీల్, ఇఖామా, కల్లివల్లి అనే మాటలు మన పల్లె తెలుగులో కలిసిపోయినవి. అక్కడి పద్ధతి ప్రకారం వీసా ఒక కఫీల్ పేరు మీద ఉంటుంది. ఆ కఫీల్ దగ్గరనే పని చేయాలి.

ఇక్కడ మనవాళ్లు ఒక పొరపాటు పడుతున్నారు. 'ఏజెన్సీ' అనే ఒకే మాటతో రెండు వేర్వేరు సంగతులను పిలుస్తున్నారు. 'డైరెక్టు' అనే మాట కూడా అంతే. కనుక విడివిడిగా చెబుతాను.

మొదటిది, ఇక్కడి రిక్రూటింగ్ ఏజెంటు. ఇతడు ఇంటర్వ్యూ పెట్టించి, విమానం ఎక్కించి పక్కకు తప్పుకుంటాడు. అక్కడ తన్ఖా ఇచ్చేది కంపెనీయే. అంటే ఏజెన్సీ ద్వారా పోయినా ఇది నిజానికి డైరెక్టు ఉద్యోగమే.

రెండవది, అక్కడి సప్లై కంపెనీ. కఫీల్ ఇదే, తన్ఖా ఇచ్చేదీ ఇదే. కాని మనం పని చేసేది వేరే కంపెనీలో. ఆ కంపెనీ మన గంటలకు సప్లై కంపెనీకి ఎక్కువ ఇస్తుంది, సప్లై కంపెనీ అందులో తన వాటా ఉంచుకొని మిగిలినది మనకు ఇస్తుంది. పని ఉన్నన్ని రోజులు బాగానే ఉంటుంది. ప్రాజెక్టు అయిపోతే క్యాంపులో ఖాళీగా కూర్చోవాలి. ఆ ఖాళీ రోజుల తన్ఖా ఎవరిది? ఇదే రంగూన్ కూలీ అడిగిన ప్రశ్న.

మూడవది, కంపెనీయో, కఫీలో నేరుగా పేరు రాసి పంపే వీసా. వీసాలో ఉన్న పనీ, చేసే పనీ ఒకటే. ఇది మంచిదే.

నాలుగవది, ఆజాద్ వీసా. దీన్ని కూడా డైరెక్టు అనే అమ్ముతారు. కఫీల్ వీసా అమ్ముకుంటాడు, మనం బయట ఎక్కడైనా పని వెతుక్కోవాలి, ఏటేటా కఫీల్‌కు డబ్బు కట్టాలి. ఇటువంటి వీసా ఏ దేశపు చట్టంలోనూ లేదు.

డైరెక్టు అయితే చాలు, భయం లేదని కూడా అనలేము. 2016లో సౌదీ ఓజెర్ అనే పెద్ద నిర్మాణ కంపెనీ దివాళా దిక్కు పోయినప్పుడు, దానిలో నేరుగా పని చేసే వేలాది మనవాళ్లు నెలల తరబడి తన్ఖా లేక క్యాంపుల్లో ఆకలితో ఉన్నారు. భారత ప్రభుత్వం మంత్రిని పంపి వాళ్లను తెప్పించవలసి వచ్చింది. అంత పెద్ద కంపెనీ 2017లో మూతపడింది. అప్పుడు కూడా బాకీ తన్ఖా అడిగే హక్కు కాగితం ఉన్నవాళ్లకే మిగిలింది. 1990 ఆగస్టులో కువైట్ మీద ఇరాక్ దాడి చేసినప్పుడు కూడా అంతే. మనవాళ్లు లక్షన్నరకు పైగా అమ్మాన్ మీదుగా ఎయిరిండియా విమానాల్లో తిరిగి వచ్చారు. తర్వాత ఐక్యరాజ్య సమితి పరిహార సంఘం డబ్బు ఇచ్చినప్పుడు, కువైట్‌లో ఉన్నట్టు రుజువు చూపినవాళ్లకు అది అందింది.

చట్టం ఏమంటుంది

1922 నాటి పాత చట్టం స్థానంలో 1983లో వలసల చట్టం వచ్చింది. దాని ప్రకారం విదేశీ పనికి మనుషులను పంపే ఏజెంటుకు ప్రొటెక్టర్ జనరల్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఇచ్చిన రిజిస్ట్రేషన్ ఉండాలి. గల్లీలో తిరిగే సబ్ ఏజెంటుకు ఆ చట్టంలో చోటు లేదు. ఏజెంటు తీసుకొనే రుసుముకు 2017 సవరణలో 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ అని హద్దు పెట్టారు. మనవాళ్లు కట్టేది ఎంతో మీకే తెలుసు. రసీదు లేని డబ్బుకు హద్దు ఎక్కడిది?

పదవ తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలని ఉంటుంది. వాళ్లు గల్ఫు దేశాలకు పనికి పోయేటప్పుడు ఒప్పందాన్ని ప్రభుత్వం చూస్తుంది. 2014లో మొదలైన ఈ-మైగ్రేట్ పద్ధతిలో అక్కడి యజమాని వివరాలు కూడా నమోదవుతాయి. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల ప్రమాద బీమా తప్పనిసరి. 2017లో దాని ప్రీమియం రెండేండ్లకు 275 రూపాయలుగా పెట్టారు. పంతులుగా నేనొక మాట చెప్పాలి. పది పాసైన పిల్లవాడికి ఈ క్లియరెన్స్ అక్కర లేదు. అది గౌరవమే, కాని అతని ఒప్పందాన్ని చూసేవాడు కూడా ఎవరూ ఉండరు. చదువుకున్నవాడు తన కాగితం తానే చదువుకోవాలి.

నేను చేసిన తప్పు

ఇప్పుడు నా సంగతి. 2010లో మా చిన్న తమ్ముడు కూడా ఇదే ప్రశ్న అడిగాడు. ఒక పక్క సప్లై కంపెనీ, ఇంకొక పక్క తెలిసినవాడు చెప్పిన ఆజాద్ వీసా. “భాయ్‌జాన్, ఏది మంచిది?” అన్నాడు. నేను గిర్మిట్ చరిత్ర చదివినవాణ్ని. ఠేకేదారు కింద గులామీ ఎందుకు, ఆజాద్‌గా పో అని చెప్పాను. రోజూ పిల్లలకు 'ఆజాదీ' మాటకు అర్థం చెప్పే ఉర్దూ పంతులు ఆ ఒక్క మాట చూసి మోసపోయాడు. అమ్మీ గాజులు కుదువ పెట్టి డబ్బు కట్టాము. తమ్ముడు మూడేండ్లలో తన కఫీల్ ముఖం రెండుసార్లు చూశాడు, రెండుసార్లూ డబ్బు ఇవ్వడానికే. 2013లో సౌదీ ప్రభుత్వం నితాఖాత్ పేరుతో తనిఖీలు గట్టిగా మొదలుపెట్టి, సరైన కాగితం లేనివాళ్లకు నవంబరు 3 దాకా గడువు ఇచ్చింది. తమ్ముడు ఆ గడువులో ఖాళీ చేతులతో తిరిగి వచ్చాడు. గాజులు విడిపించేసరికి అమ్మీ లేరు. తమ్ముడు ఈనాటి వరకు నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

మా వీధి నుండి అదే కాలంలో సప్లై కంపెనీకి పోయినతను అక్కడి క్యాంపును రోజూ తిట్టుకొనేవాడు. కాని ఏడేండ్లకు తిరిగి వచ్చేటప్పుడు హిసాబు తెచ్చుకున్నాడు. సౌదీ చట్టం ప్రకారం మొదటి అయిదేండ్లకు ఏటికి సగం నెల తన్ఖా, ఆ తర్వాత ఏటికి పూర్తి నెల తన్ఖా రావాలి. అతని కాగితం అతనికి అది ఇప్పించింది.

అందుకే నా శిష్యుడికి వెంటనే జవాబు చెప్పలేదు. రెండు కాగితాలు ముందర పెట్టుకొని చదివాను. చుట్టం పంపిన వీసా మీద పని పేరు అరబీలో 'రాయీ' అని ఉన్నది, అంటే పశువుల కాపరి. చుట్టం చెప్పినది ఎలక్ట్రీషియన్ పని. 2021 మార్చిలో సౌదీ తెచ్చిన సంస్కరణ వల్ల కొందరు కార్మికులు పాత కఫీల్ అనుమతి లేకుండా కంపెనీ మారవచ్చు. కాని ఇంటి పనివాళ్లు, సొంత డ్రైవర్లు, తోట పనివాళ్లు, కాపరులను ఆ సంస్కరణలో చేర్చలేదు. ఆ ఒక్క మాట చదవకుండా పోయి ఉంటే అతడు ఇరుక్కొనేవాడు. ఏజెన్సీ కాగితంలో తన్ఖా, తిండి, గది అన్నీ ఉన్నవి, ఖాళీ రోజుల మాట లేదు. అది రాయించుకోమన్నాను. మూడు వారాలు తిరిగి, పని లేని రోజుల్లో కూడా మూల తన్ఖా ఇస్తామని రాయించుకొని పోయాడు. పోయిన నెల ఫోన్ చేశాడు. పదిహేను రోజులు పని లేదట, సగం తన్ఖానే ఇచ్చారట. “కాగితం చూపిచ్చి అడుగుతున్న సార్” అన్నాడు. ఇంకా జవాబు రాలేదు. కాని అడగడానికి అతని చేతిలో ఏదో ఒకటి ఉన్నది, మా తమ్ముడి చేతిలో ఏమీ లేకుండె.

సొసైటీకి ఒక మనవి

కనుక ఏజెన్సీయా, డైరెక్టా అని అడగకండి. ఇట్లా అడగండి. వీసా మీద యజమాని పేరు ఎవరిది? చేసే పని, వీసాలోని పని ఒకటేనా? తన్ఖా ఎవరు ఇస్తారు, బ్యాంకులో వేస్తారా? పని లేని రోజుల లెక్క ఏమిటి? నేను కట్టిన డబ్బుకు రసీదు ఉన్నదా? ఈ అయిదింటికి కాగితం మీద జవాబు ఉంటే ఏ దారి అయినా పోవచ్చు. లేకుంటే సొంత మేనమామ తెచ్చినా వద్దు. అనుమానం ఉంటే హైదరాబాదులోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయంలోనో, ప్రభుత్వ సంస్థ అయిన టామ్‌కామ్‌లోనో అడగవచ్చు.

బాకీ లావాదేవీని రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని చెప్పే ఆయత్ సూరయే బఖరాలో ఉన్నది. ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ అదే. మనం దాన్ని తిలావత్ చేస్తాము, అమలు చేయడం మరుస్తాము. మన సొసైటీలో ఒక రిజిస్టరు పెడదామని నా మనవి. పరదేశం పోయే ప్రతి పిల్లవాడి పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, రసీదు, బీమా నకళ్లు అందులో ఉండాలి. గల్ఫులో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల సహాయం ఇస్తామని 2024లో తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వులు ఇచ్చింది. అటువంటి కష్టం ఎవరికీ రాకూడదు, వచ్చిననాడు మాత్రం కాగితాల కోసం ఆ ఇంటి ఆడవాళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగే గతి పట్టకూడదు.

ప్రతి జుమా నమాజు తర్వాత గంటసేపు నేను సొసైటీ గదిలో కూర్చుంటాను. అరబీ, ఉర్దూ, ఇంగ్లీషు ఏ కాగితమైనా తెచ్చి చదివించుకోండి. ఒకసారి చదవకుండా చెప్పిన సలహాకు నేను చేయగలిగిన కఫ్ఫారా ఇదే. పరదేశంలో ఉన్న మన పిల్లలందరినీ అల్లాహ్ తన హిఫాజత్‌లో ఉంచుగాక, హలాల్ రోజీతో ఇంటికి చేర్చుగాక. ఆమీన్.